డ్యూటీ సైకిల్, ఆదివారం సైకిల్: ఒకే అలవాట్లు పనికిరావు

నల్లగొండలో వారమంతా ఆఫీసుకు తొక్కి ఆదివారం సరదాకి అదే సైకిల్ తీసేవాళ్లున్నారు. మంచిదే. కానీ రెండు రోజులకీ ఒకే బుర్రతో తొక్కితే కష్టం.

డ్యూటీకి పోయేటప్పుడు స్పీడ్ రికార్డు చేసే యాప్ ఆపేయండి. క్లాక్ టవర్ సెంటర్‌లో ఎంత ఎగబడి తొక్కినా కలిసొచ్చేది ఒకటి రెండు నిమిషాలు, చొక్కా మాత్రం తడిసి ముద్దవుతుంది, మే నెలలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఊళ్లో మీరు చేయాల్సింది ఒక్కటే, ఎటు పోతున్నారో వెనకవాడికి ముందే తెలిసేలా పోవడం. ఆగిన కార్ల సందుల్లో దూరి మళ్లీ రోడ్డు మీదికి రావద్దు, వెనక బైకువాడికి మీరు ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఆగి ఉన్న కారుకు మీటరు ఎడం ఇవ్వండి, డోర్ ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. ముందు ఆటో పోతోంది, పక్కన ఎవరో చెయ్యెత్తారు, అంటే అది ఆగినట్టే లెక్క, మీ వేళ్లు అప్పటికే బ్రేకు మీద ఉండాలి.

రోజూ పోయే దారిలో ఇంకో జబ్బు పట్టుకుంటుంది. డివైడర్ చుట్టి రావడానికి బద్ధకించి రాంగ్ రూట్లో పోవడం. ఊళ్లో ఇన్నాళ్లూ ఎలాగో గడిచిపోయినా, ఆదివారం నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కినప్పుడు కూడా అదే బుద్ధి పుడుతుంది, అక్కడ ఎదురుగా వచ్చేది ఆటో కాదు, బస్సు.

సరదా రైడ్‌కి అసలు హైవే ఎందుకు? దారి మీ ఇష్టం, టైమూ మీ ఇష్టం. పానగల్ వైపు పోండి, ఊరి పక్కనే, ఛాయా సోమేశ్వరాలయం ఉంది, ఉదయ సముద్రం చెరువు ఉంది. ఖాళీ రోడ్డు మీద ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కొచ్చు, హారన్ వినబడగానే ఒకరి వెనక ఒకరు రావాలి, అది వినబడాలంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. వరికోతలప్పుడు మాత్రం బాగా తెల్లారాకే బయల్దేరండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో రాయి కనబడదు, సన్న టైరు వడ్ల మీద జారుతుంది. రైతుని తిట్టుకోకండి, కల్లం లేనాయన ఇంకెక్కడ ఆరబోసుకుంటాడు?

రోజువారీ సైకిల్‌కి మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు, తాళం కావాలి. సరదా రైడర్లు బరువని ఇవన్నీ పీకేస్తారు, సరే, బెల్లు కూడా పీకేస్తారెందుకో, దాని బరువెంత!

పంక్చర్ అయితే ఊళ్లో షాపు దాకా నడిపించుకు పోవచ్చు. ఆదివారం పొద్దున ఆరింటికి షాపు తెరిచి ఉండటమే కష్టం, ఉన్నా లారీ టైర్లు చేసేవాళ్ల దగ్గర మీ సన్న వాల్వుకి సరిపోయే పంపు ఉండదు. ఒక ట్యూబు, టైరు విప్పే లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టుకుని, ట్యూబు మార్చడం ముందే ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోండి.