బైబిల్లో చేరని ఒక సువార్తను ఎలా చదవాలి?

తోమా సువార్త గురించి ఒక సభలో విన్న ప్రసంగం నాకు ఇంకా గుర్తుంది. బాలుడైన యేసు విశ్రాంతి దినాన మట్టితో పన్నెండు పిచ్చుకలను చేసి, చప్పట్లు కొట్టి వాటిని ఎగరవేసిన కథను వక్త రసవత్తరంగా చెప్పి, ఇదంతా తోమా సువార్తలో ఉందని ముగించారు. ఆ సువార్తలో పిచ్చుకలు లేవు, యేసు బాల్యమూ లేదు, అసలు కథనమే లేదు. అది 114 వాక్కుల సంకలనం. పిచ్చుకలు ‘తోమా బాల్య సువార్త’ అనే వేరొక గ్రంథంలోనివి. రాజభవనం కట్టమని గుండఫరు రాజు ఇచ్చిన సొమ్మును తోమా బీదలకు పంచిపెట్టిన కథ, మన దేశానికి తోమా రాకను గురించి మాట్లాడేవారు తరచూ ఉదహరించేది, ‘తోమా కార్యములు’ అనే మూడో గ్రంథంలోది. పేరు చూసి పుస్తకాన్ని గుర్తుపట్టామనుకోవడం వల్ల ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి కనుక, మొదట చేతిలో ఉన్నది ఏ తోమాయో తేల్చుకోవాలి. కథోలిక బైబిల్లో ఉండే తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు ఈ కోవలోకి రావు. వాటిని బైబిల్లో చేర్చాలా వద్దా అన్నది పాత నిబంధనకు సంబంధించిన వేరే చర్చ.

కావలసినవి కొద్దే: ఇద్దరు వేర్వేరు అనువాదకుల ప్రతులు, మీ ఇంట్లోని తెలుగు బైబిలు, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు. రాతప్రతి చిరిగిపోయిన చోట్లను చదరపు బ్రాకెట్లతో చూపించని అనువాదాన్ని కొనకూడదు. మొబైల్లో చదవకూడదు. పెన్ను వాడకూడదు, కారణం తర్వాత తెలుస్తుంది.

పీఠికలూ వ్యాఖ్యానాలూ పక్కన పెట్టి, 114 వాక్కులను కూర్చున్న పళంగా ఒకసారి చదవాలి. గంట చాలు. ‘దిదుమ యూదా తోమా’ అనే పేరు మొదట్లోనే కనిపిస్తుంది. యోహాను సువార్తలో మనం చదివే ‘దిదుమ అనబడిన తోమా’ ఇతడే. గ్రీకు మాట అయిన దిదుమకూ, అరమేయిక్ మాట అయిన తోమాకూ అర్థం ఒక్కటే, కవల అని.

ఇక అసలు చిక్కు గ్రంథం వయసు తేల్చడంలో ఉంది, దాదాపు అందరూ బోల్తా పడేది ఇక్కడే. నోటు పుస్తకంలో ఎడమ పేజీని మూడు గడులుగా గీసుకొని, రాతప్రతి వయసు, గ్రంథాన్ని ఇతరులు తొలిసారి ప్రస్తావించిన కాలం, రచనా కాలం అని వేర్వేరుగా రాసుకోవాలి. ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదాని జవాబును ఇంకొకదాని గడిలో వేసినవాడి వాదన ఎంత ధాటిగా సాగినా నిలబడదు.

మొదటి గడి తేలిక. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన 13 కోడెక్సులలో (పుస్తకంలా కుట్టిన రాతప్రతులలో) రెండోదానిలో తోమా సువార్త కాప్టిక్‌లో, అంటే ఈజిప్టు క్రైస్తవుల ప్రాచీన భాషలో, పూర్తిగా ఉంది; ఆ ప్రతి 4వ శతాబ్దిది. ఇంతవరకు చదివి, ఇది 4వ శతాబ్దిలో పుట్టిన గ్రంథమని తీర్పు చెప్పేవారిని నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. గ్రీకు క్రైస్తవ పండితుడు బ్రియెన్నియోస్ 1873లో కాన్‌స్టాంటినోపిల్‌లో కనుగొన్న, ‘దిదాకే’ అనే తొలినాటి క్రైస్తవ బోధ గ్రంథపు ప్రతిని లేఖకుడు 1056లో రాశాడు, మరి దిదాకేను 11వ శతాబ్ది రచన అందామా? పండితులు దాన్ని 1వ శతాబ్ది చివరికో 2వ శతాబ్ది మొదటికో చెందినదిగా చూస్తారు. ప్రతికీ రచనకూ మధ్య తొమ్మిది వందల ఏళ్లు గడవవచ్చు.

తోమా విషయంలో పాత గ్రీకు ముక్కలు కూడా ఉన్నాయి. 1897లో ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో బ్రిటిష్ పండితులు గ్రెన్‌ఫెల్, హంట్ తవ్వి తీసిన పపైరస్ ఆకు సుమారు క్రీ.శ. 200 నాటిది. మరో రెండు ముక్కలు 1904లో ప్రచురితమయ్యాయి. అవి తోమా సువార్తవని కాప్టిక్ ప్రతి దొరికేదాకా నిర్ధారణ కాలేదు. రెండో గడిలో, సుమారు క్రీ.శ. 230 ప్రాంతంలో, హిప్పోలిటస్ అనే క్రైస్తవ రచయిత పేరిట ఉన్న, తప్పుడు బోధలను ఖండించే గ్రంథం ఈ సువార్తను పేరుతో ప్రస్తావించిందని రాయండి. దీనివల్ల వెంటనే ఒక ప్రయోజనం కనిపిస్తుంది: దీన్ని మనీకీయ మతస్థాపకుడు మనీ శిష్యుడు రాశాడని 4వ శతాబ్ది మధ్యలో యెరూషలేము బిషప్పు సిరిల్ హెచ్చరించాడు, కానీ మనీ పుట్టిందే 216లో, బోధ మొదలుపెట్టింది 240 ప్రాంతంలో; అప్పటికే పేరుతో ప్రస్తావనకు వచ్చిన పుస్తకాన్ని అతని శిష్యుడు రాసి ఉండడు.

మూడో గడికి వచ్చేసరికి పెన్సిలు ఎందుకో అర్థమవుతుంది. ఇది మార్కు కంటే ముందుదని ఉత్సాహపడేవారూ, 2వ శతాబ్ది చివరిదని తోసిపుచ్చేవారూ ఉన్నారు. మీరు రాయవలసింది ఒక సంవత్సరం కాదు, ఒక విస్తృతి. ప్రవక్తకు తన ఊరిలో ఆదరణ ఉండదనే 31వ వాక్కును తీసుకోండి. మార్కులో ప్రవక్త తన దేశంలో తప్ప మరెక్కడా ‘ఘనహీనుడు’ కాడు, లూకాలో ఏ ప్రవక్తయు స్వదేశమందు ‘హితుడు’ కాడు. మన తెలుగు బైబిలు ఈ తేడాను చక్కగా నిలిపింది. ఆక్సిరింకస్ ఆకులోని తోమా వాడిన గ్రీకు మాట లూకా వాడినదే. తోమాకు లూకా తెలుసుననడానికి ఇదొక ఆధారం; అయితే లూకా మాట చెవిలో మెదులుతున్న లేఖకుడెవరో తర్వాత మాట మార్చి ఉండవచ్చుననే సమాధానమూ ఉంది.

ఆ అనుమానం గాలిలోంచి వచ్చింది కాదు. ‘రాయి ఎత్తు, అక్కడ నేను కనిపిస్తాను, కట్టె చీల్చు, నేను అక్కడ ఉన్నాను’ అనే మాట గ్రీకు ఆకులో 30వ వాక్కు వెంబడి ఉంటే, కాప్టిక్‌లో 77వ వాక్కు చివర, ముందు కట్టె, తర్వాత రాయి అనే క్రమంలో ఉంది. చేతులు మారినప్పుడు వాక్కులు చోటు మారిన పుస్తకం ఇది. అందుచేత మొత్తానికి ఒకే వయసు కట్టడం కంటే ఒక్కో వాక్కును విడిగా తూచడమే సరైన పద్ధతి.

325లో నికేయలో జరిగిన బిషప్పుల సభ ఓటు వేసి ఈ పుస్తకాలను తీసివేసిందనే మాటను మీ నోటు పుస్తకంలోకి రానివ్వకండి. ఆ సభ నియమాలలో గ్రంథాల జాబితా లేదు. ఇప్పటి 27 కొత్త నిబంధన గ్రంథాలను సరిగ్గా అవే చెప్పిన తొలి జాబితా 367 నాటి అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ లేఖలో కనిపిస్తుంది. అందులోనే దిదాకేను, ‘హెర్మాస్ కాపరి’ అనే మరో తొలినాటి క్రైస్తవ రచనను కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారు చదవవచ్చునని ఉంది. పక్కన పెట్టిన ప్రతి పుస్తకమూ నిషిద్ధం కాలేదు.

చివరి పని జత కట్టడం. తర్వాతి పేజీల్లో, ఎడమ పేజీలో తోమా వాక్కు, కుడి పేజీలో మత్తయి, మార్కు, లూకాలలోని సమాంతరం రాసుకుంటూ పోవాలి. ఆవగింజ 20లో, విందు 64లో, ద్రాక్షతోట కాపులు 65లో దొరుకుతాయి. 97వ వాక్కుకు వచ్చేసరికి చేయి ఆగుతుంది. ఒక స్త్రీ పిండితో నిండిన కుండను మోసుకుంటూ దూరం నడుస్తుండగా కుండ పిడి విరిగి, పిండి ఆమె వెనుక దారిలో కారిపోయింది; ఆమెకు తెలియలేదు; ఇంటికి చేరి కుండను దించి చూస్తే అందులో ఏమీ లేదు. బైబిలంతా వెతికినా దీనికి జత దొరకదు. దొరికినట్లు ఏదో ఒక వచనాన్ని తెచ్చి అతికించకుండా, కుడి పేజీని ఖాళీగా వదిలేయండి.