పాత బొమ్మల ఫైళ్లు, మూడో పాఠం: పేరు మారిస్తే ఫైలు మారదు

పోయిన పాఠంలో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో కొన్న డీవీడీ డ్రైవ్ పెట్టి సీడీలన్నీ హార్డ్ డిస్క్‌లోకి దించుకున్నాం. ఈసారి అసలు పని, మార్పిడి. చిక్కడపల్లిలో మా బాబాయి శుభలేఖల ప్రెస్సు మూసేసినప్పుడు నా చేతికొచ్చిన సీడీనే ఇవాళ్టి సరుకు. ప్రెస్సుల్లో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ రోజుల నాటిది. వినాయకుళ్లు, కలశాలు, అరటిచెట్లు, పల్లకీలు... అన్నీ బీఎంపీ, పీసీఎక్స్, టిఫ్ అనే పాత రకాల బొమ్మల ఫైళ్లు.

చాలామంది చేసే పని ఒకటుంది. ఫైలు పేరు చివర బీఎంపీ తీసేసి జేపీజీ అని రాస్తారు. ఆవకాయ జాడీ మీద గోంగూర అని రాసినట్టే! లోపల ఉన్నది ఆవకాయే. నమ్మకం లేకపోతే ఆ ఫైలుకి ఒక కాపీ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గీతలే కనిపిస్తాయి గానీ, మొదటి రెండు అక్షరాలు చూడండి: బీ, ఎం. పేరు ఏదైనా అది బీఎంపీనే. టిఫ్ అయితే రెండు ఐలో, రెండు ఎంలో ఉంటాయి. చూశాక సేవ్ నొక్కకుండా మూసేయండి.

ఇప్పుడు పల్లకీ బొమ్మ సంగతి. అడ్డం 640 చుక్కలు (పిక్సెల్స్), నిలువు 480. మొత్తం 3,07,200. చుక్కకి మూడు బైట్ల చొప్పున 9,21,600, పైన 54 బైట్ల హెడర్, అంటే బొమ్మ వివరాలు రాసుకునే ముందు భాగం. ఫైలు సైజు 9,21,654 బైట్లు. అంటే 1.44 ఎంబీ ఫ్లాపీలో ఇలాంటి పల్లకీ ఒకటే పట్టేది. రెండోదానికి ఇంకో ఫ్లాపీ! బీఎంపీ మామూలుగా ప్రతి చుక్కనీ కుదించకుండా రాసుకుంటుంది, అందుకే అంత బరువు.

మరి దేనిలోకి మార్చాలి? ఫొటో అయితే జేపెగ్, అంటే పైన చెప్పిన జేపీజీయే. అది 1992లో వచ్చిందే ఫొటోల కోసం. కంటికి పెద్దగా ఆనని వివరాలు వదిలేసి సైజు తగ్గిస్తుంది. కానీ కలశం లాంటి గీతల బొమ్మని జేపెగ్ చేస్తే అంచుల చుట్టూ దుమ్ము పట్టినట్టు మచ్చలొస్తాయి. అలాంటివాటికి పీఎన్‌జీ. ఒక్క చుక్క కూడా పోదు, సైజూ బాగా తగ్గుతుంది. శుభలేఖల బొమ్మలన్నిటికీ నేను పీఎన్‌జీనే వాడాను.

సాఫ్ట్‌వేర్ ఇర్ఫాన్‌వ్యూ. 1996 నుంచీ ఉంది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. తెరిచి కీబోర్డు మీద బీ నొక్కితే ఫైళ్లన్నీ ఒకేసారి మార్చే బ్యాచ్ కన్వర్షన్ కిటికీ వస్తుంది. ఫోల్డర్ చూపించి ఫైళ్లన్నీ యాడ్ చేయండి, అవుట్‌పుట్ ఫార్మాట్ పీఎన్‌జీ పెట్టండి. అవుట్‌పుట్ ఫోల్డర్ మాత్రం కొత్తది, ఖాళీది ఇవ్వండి. స్టార్ట్ నొక్కి టీ పెట్టుకోండి. ఒరిజినల్స్ డిలీట్ చేయాలా అన్న ఆప్షన్ ఎక్కడ కనిపించినా దాని జోలికి వెళ్లొద్దు.

ఎందుకంటే నేను వెళ్లాను. అత్తయ్య వాళ్ల ఇంటి కాగితాలు పదకొండు పేజీలు ఒకే టిఫ్‌లో ఉంటే జేపెగ్ చేసి, పాతది తీసేశాను. జేపెగ్‌లో ఒక్క పేజీయే పడుతుంది కదా, మొదటిదే మిగిలింది. అత్తయ్య ఏమీ అనలేదు గానీ, కాగితాల సంచీ పట్టుకుని ఎండలో కోఠీ దాకా పోయి మళ్లీ స్కాన్ చేయించింది నేనే. టిఫ్ తెరిచినప్పుడు ఒకటి కంటే ఎక్కువ పేజీలు కనిపిస్తే ఆప్షన్స్ మెనూలో మల్టీపేజ్ దగ్గర ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ పేజెస్ వాడండి. ఏ పేజీకి ఆ పేజీ విడి ఫైలుగా వస్తుంది.

హోంవర్క్: ఇరవై బీఎంపీలు మార్చండి. రెండు ఫోల్డర్లలో లెక్క సరిపోయిందా చూసి, ఓ నాలుగైదు తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ప్రెస్సు టిఫ్‌లలో కొన్ని మారాక రంగులు తేడాగా కనిపిస్తే టెన్షన్ పడకండి. అవి తెర రంగుల్లో కాకుండా ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల లెక్కలో ఉన్నవి. వాటి పని నాలుగో పాఠంలో.