అమెరికా ఫెడరల్ జడ్జి కావాలంటే మొదటి కేసు నుంచే లెక్క రాసుకోండి

విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయ్యారని మన పత్రికలు రాశాయి. అది రాష్ట్ర కోర్టు, నియమించింది గవర్నర్. ఇక్కడ చెప్పేది ఫెడరల్, అంటే కేంద్ర స్థాయి, డిస్ట్రిక్ట్ కోర్టు గురించి. ఈ కోర్టుల పరిధులనే డిస్ట్రిక్టులంటారు, దేశం మొత్తం మీద 94 ఉన్నాయి. జడ్జి పేరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. పదవీ విరమణ వయసంటూ లేదు. మన దగ్గరిలా రాసే పరీక్ష కూడా లేదు.

రాజ్యాంగం వయసూ అడగదు, లా డిగ్రీ కూడా అడగదు. ఆచరణలో మాత్రం అమెరికన్ బార్ అసోసియేషన్ కమిటీ కనీసం 12 ఏళ్ల అనుభవం ఉండాలంటుంది. లా స్కూలు కాగానే ఒకటి రెండేళ్లు ఫెడరల్ జడ్జి దగ్గర లా క్లర్కుగా చేరడం మంచిది. క్లర్కు అంటే గుమస్తా అనుకోవద్దు. పాత తీర్పులు వెతికి, ఆర్డర్ల ముసాయిదా రాసే పని అది. దరఖాస్తులు ఎక్కువగా ఆస్కార్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పెడతారు.

ఆ తర్వాత ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఆఫీసు గానీ, లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు గానీ చూసుకోండి. పెద్ద ఫర్ముల్లో జీతం బాగుంటుంది, కానీ సివిల్ దావాలు చాలావరకు రాజీతోనే ముగుస్తాయి. పదేళ్లు పనిచేసినా జ్యూరీ ముందు ఒక్కసారీ నిలబడని లాయర్లున్నారు. డిస్ట్రిక్టు జడ్జీలకు సాయంగా ఉండే మేజిస్ట్రేట్ జడ్జి పదవి ఇంకో మెట్టు: అయిదేళ్ల బార్ సభ్యత్వం చాలు, నియమించేది ఆ డిస్ట్రిక్టు జడ్జీలే, గడువు 8 ఏళ్లు.

అసలు గండం, జడ్జిగా పేరు ప్రతిపాదించినవారు నింపాల్సిన సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ప్రశ్నావళి. తీర్పు దాకా నడిపిన కేసులు ఎన్ని? వాటిలో ఒంటరిగా వాదించినవెన్ని, ప్రధాన లాయరుగా ఎన్ని, సహాయకుడిగా ఎన్ని? జ్యూరీ ముందు ఎంత శాతం? అత్యంత ముఖ్యమైన పది కేసులు, వాటిలో ఎదుటి పక్షం లాయర్ల పేర్లు, ఫోన్ నంబర్లు కావాలి. రాసిన వ్యాసాలు, ఇచ్చిన ప్రసంగాలు, ఇంటర్వ్యూలు అన్నీ చూపాలి. తెలుగు సంఘం సభలో మాట్లాడిన అయిదు నిమిషాలు కూడా ప్రసంగమే. ఒకటి మరిచిపోయి, అది తర్వాత బయటపడితే దాచారంటారు. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తుతెచ్చుకుని రాయడం అయ్యే పని కాదు. అందుకే మొదటి కేసు నాడే ఒక పట్టిక తెరవండి: కేసు నంబరు, కోర్టు, జడ్జి, మీ పాత్ర, ఎదుటి లాయరు, ఫలితం. ఆ ఎదుటి లాయర్లకు ఫోన్లు వెళ్తాయి కాబట్టి వాళ్లతో మర్యాదగా ఉండడమూ తయారీలో భాగమే.

ఖాళీలు, రాబోయే ఖాళీలు ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో ఉంటాయి. 65 ఏళ్లు నిండి 15 ఏళ్ల సర్వీసున్న జడ్జి సీనియర్ హోదా (పని తగ్గించుకుని కొనసాగే వీలు) తీసుకుంటే ఆ కుర్చీ ఖాళీ అయినట్టే. ప్రకటన రాగానే మీ రాష్ట్ర సెనేటర్లను కదపండి. చాలామంది సెనేటర్లు లాయర్లతో ఎంపిక కమిటీ పెడతారు. రాష్ట్రానికున్న ఇద్దరు సెనేటర్లూ బ్లూ స్లిప్, అంటే తమ సమ్మతి తెలిపే కాగితం, జ్యుడీషియరీ కమిటీకి తిరిగివ్వాలి. ఒకరు ఆపినా డిస్ట్రిక్టు జడ్జి పేరు మామూలుగా అక్కడే ఆగిపోతుంది. ఎఫ్‌బీఐ విచారణ, జ్యుడీషియరీ కమిటీ విచారణ దాటాక, సెనేట్‌లో చర్చ ముగించి ఓటు పెట్టడానికి కూడా 2013 నుంచి సాధారణ మెజారిటీ చాలు. సెనేట్ సమావేశాల కాలం ముగిసేలోగా ఓటు జరక్కపోతే పేరు అధ్యక్షుడికి తిరిగి వెళ్తుంది, మళ్లీ పంపాల్సిందే.

పదవి వచ్చాక ప్రాక్టీసు నిషిద్ధం. 2025లో జీతం ఏడాదికి 2,47,400 డాలర్లు. కక్షిదారు కంపెనీలో ఒక్క షేరున్నా ఆ కేసు వదులుకోవాలి, కాబట్టి షేర్ల జాబితా ముందే సరిచూసుకోండి. ఆరు నెలలు దాటి పెండింగులో ఉన్న మోషన్లు (కేసులో కోర్టుకు పెట్టే అభ్యర్థనలు) జడ్జి పేరుతో సహా ఏడాదికి రెండుసార్లు బయటికొస్తాయి. మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో ఆర్డర్లు గుట్టలుగా వెలువడేది అందుకే.