ఎన్ని చుక్కలు వేసినా కళ్ళు పొడిబారుతున్నాయా? ముందు ఆ సీసా మీద ఏం రాసుందో చదవండి

కళ్ళలో ఇసుక పోసినట్టుందని వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది ఒక్కటే, వాడుతున్న చుక్కల సీసా చూపించమని. చాలామంది తీసుకురారు, పేరూ గుర్తుండదు. కళ్ళు పరీక్షించే పనిలో ఇన్నేళ్ళుగా ఇదే చూస్తున్నాను. స్క్రీన్ మధ్యలో విరామం, ఫ్యాన్ గాలి ముఖానికి తగలకుండా చూసుకోవడం, రెప్పలు పూర్తిగా ఆర్పడం మీరు ఎలాగూ చేస్తున్నారనుకునే రాస్తున్నాను.

పొద్దున లేవగానే మంట, కాసేపటికి తగ్గుతుంది
నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడట్లేదేమో. ఇంట్లోవాళ్ళని ఒక రాత్రి చూడమనండి. అదే అయితే పడుకునే ముందు కంటి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ వాడాలి.

సాయంత్రానికి మంట, గాలి తగిలితే నీళ్ళు కారడం
నీళ్ళు కారుతుంటే పొడి కళ్ళెలా అవుతాయని అడుగుతారు. రెప్ప అంచుల్లో ఉండే నూనె గ్రంథులు పూడుకుపోతే కన్నీటి మీద నూనె పొర పలచబడి నీరు త్వరగా ఆవిరైపోతుంది, దాంతో కన్ను మండి నీళ్ళు ఒక్కసారిగా ఊరతాయి, కానీ నిలవవు. వేడి కాపడం రోజూ 10 నిమిషాలు పెట్టండి. గుడ్డ ఊరికే చల్లారిపోతుంది, మళ్ళీ మళ్ళీ ముంచాలి. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమరండి. వారానికే మానేస్తే లాభం లేదు.

చుక్కలు వేశాక కాసేపు హాయి, ఆపైన ముందుకన్నా ఎక్కువ మంట
ఇక్కడే నేనూ దెబ్బతిన్నాను. ఒకాయనకి మంట తగ్గట్లేదని ఇంకా చిక్కటి చుక్కలు, దాని మీద ఇంకోటి అంటూ మూడు నెలలు మార్చాం. చివరికి సీసాలన్నీ వరసగా పెట్టి చదివితే అన్నిట్లోనూ బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంది. సీసా తెరిచాక క్రిములు చేరకుండా కలిపే ప్రిజర్వేటివ్ అది. గుణంలో డిటర్జెంట్ లాంటిది, నూనె పొరని చెదరగొడుతుంది, కంటి పైపొర కణాలనీ దెబ్బతీస్తుంది. నాలుగు రోజులు వాడితే మామూలుగా ఏమీ కాదు, కానీ రోజుకి నాలుగుసార్లకి మించి నెలల తరబడి వేస్తే అదే మంట పెడుతుంది, మంట పుట్టిందని ఇంకా వేస్తారు. ఆయన గ్లాకోమాకి, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బుకి, వాడే చుక్కల్లో కూడా అదే ఉంది. గ్లాకోమా మందు మాత్రం సొంతంగా ఆపకండి, చూపు పోతుంది. ప్రిజర్వేటివ్ లేని రకం ఉందేమో డాక్టర్‌నే అడగండి.

మామూలు కన్నీటి చుక్కలైతే ప్రిజర్వేటివ్ లేనివాటికి మారండి, ఒక్కో డోసు విడిగా ఉండే చిన్న గొట్టాలు దొరుకుతాయి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. ఎరుపు తగ్గించే చుక్కలు, అంటే నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ ఉన్నవి, అసలొద్దు. రక్తనాళాలని బిగిస్తాయి, ఆపగానే ఎరుపు మళ్ళీ ఎక్కువవుతుంది.

నోరు కూడా ఎండిపోయి కీళ్ళ నొప్పులుంటే షోగ్రెన్ వ్యాధేమో, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులని దెబ్బతీస్తోందేమో అని రక్తపరీక్ష చేయిస్తారు, అది మరీ తరచుగా కనిపించేది కాదు. అలర్జీ మాత్రలు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, వాటివల్లా కళ్ళు పొడిబారొచ్చు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గర షిర్మర్ పరీక్ష (రెప్ప కింద కాగితం ముక్క పెట్టి కన్నీరు ఎంత ఊరుతుందో చూడటం), కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూడటం, నూనె గ్రంథుల పరీక్ష, మూడూ చేయమని అడగండి. కంటి లోపలి వాపుని తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తే పనిచేయడానికి నెలలు పట్టొచ్చు, మొదట్లో మండుతుందని రెండో వారంలోనే పక్కన పడేయకండి. గట్టి నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు తగ్గడం ఉంటే మాత్రం ఇదంతా పక్కనపెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.