నాటుకోడికి జబ్బు చేస్తే: ఇంట్లో చేయగలిగింది, చేయకూడనిది

పొద్దున్నే గంప ఎత్తగానే మిగతావన్నీ నూకల మీదికి పరిగెత్తి, ఒక్క పెట్ట మాత్రం ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, కునుకుపాట్లు పడుతూ మూలన నిలబడిందంటే ఆ జబ్బు ఈ రోజుది కాదు. కోడి నీరసాన్ని చివరిదాకా దాస్తుంది. బయటపడితే తోటి కోళ్లే పొడుస్తాయి మరి. మన కంటపడే సరికి సరిగ్గా తిని ఒకటి రెండు రోజులు అయి ఉంటుంది. అందుకే మందుల షాపుకు పరిగెత్తే ముందు మూడు పనులు చేయాలి: వేరు పెట్టడం, వెచ్చగా ఉంచడం, నీళ్లు పట్టించడం. ఏ జబ్బయినా ఈ మూడూ తప్పవు. ఇవి చేయకుండా వేసిన మందు చాలాసార్లు వృథా.

వేరు పెట్టడానికి అట్టపెట్టె చాలు. అడుగున ఊక, రంపపు పొట్టు వేయకండి. పాత తెల్లగుడ్డ గానీ కాగితం గానీ పరిస్తే రెట్ట రంగు స్పష్టంగా కనిపిస్తుంది. జబ్బు పోల్చుకోవడానికి సగం ఆధారం అదే. కోడి ఒళ్లు మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల వేడి ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకుని “కాలిపోతోంది, జ్వరం” అనుకోవద్దు. జబ్బు కోడి తిండి తినదు, తినకపోతే ఆ వేడిని నిలబెట్టుకోలేదు. చుట్టూ 28, 30 డిగ్రీలు ఉండేలా చూడాలి. 40 లేదా 60 వాట్ల పాత రకం బల్బు పెట్టెకు ఒక పక్కన, గుడ్డకూ అట్టకూ తగలకుండా అడుగున్నర దూరంలో కట్టండి. ఇప్పుడు ఇళ్లలో ఉన్న ఎల్‌ఈడీ బల్బు వెలుగే తప్ప వేడి ఇవ్వదు, రాత్రంతా వెలిగించినా లాభం లేదు. బల్బు దొరక్కపోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టి, చల్లారినప్పుడల్లా మార్చండి. పెట్టెలో సగమే వెచ్చగా ఉండాలి, ఉక్కపోస్తే పక్కకు జరగడానికి చోటుండాలి.

ఎండాకాలం సంగతి పూర్తిగా వేరు. 42 డిగ్రీల ఎండలో నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి పడిపోయిన కోడికి వేడి పెడితే చచ్చిపోతుంది. నీడలోకి తెచ్చి, కాళ్లు మునిగేలా కుండ నీళ్లలో నిలబెట్టి, తలమీది తురాయిని తడి చేయాలి. ఐసు నీళ్లు పోయకండి.

నీళ్లు పట్టించడం

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు చిన్న చెంచాల బెల్లం, పావు చెంచా ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు, కోడి కిడ్నీలు ఉప్పును తట్టుకోలేవు. ముక్కును గిన్నెలో ముంచితే తనే తాగేది ఉంటే అంతకన్నా కావలసింది లేదు.

తాగకపోతే సూది తీసేసిన సిరంజి తీసుకోండి. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక వెనకాలే చిన్న చీలిక మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి గొట్టం. తల పైకెత్తి పట్టుకుని నోరు నిండా నీళ్లు కొడితే నేరుగా అందులోకి పోతాయి. “నీళ్లు తాగించాక గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది” అని చెప్పుకునే వాటిలో చాలా వరకు ఇలా పోయినవే. కోడిని ఒళ్లో పెట్టుకుని, తల మామూలు ఎత్తులోనే ఉంచి, ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క వదలండి. మింగాక రెండోది. 5 మిల్లీలీటర్లు పట్టించడానికి ఐదు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. అరగంటకోసారి ఇలా చేస్తే సాయంత్రానికి కాస్త తేరుకుని కళ్లు తెరుస్తుంది. అప్పుడు పలచని రాగిజావ, మెత్తగా ఉడికిన నూకల్లో గుడ్డు పచ్చసొన చిదిపి పెట్టండి. గట్టి గింజలు ఇప్పుడే వద్దు.

పట్టి చూడటం

రొమ్ము ఎముక తడమండి. రెండు పక్కలా కండ ఉండి ఎముక గుండ్రంగా తగిలితే జబ్బు కొత్తది. కత్తి అంచులా తగిలితే వారాల తరబడి చిక్కుతోందని, కడుపులో పురుగులో, పాత రోగమో ఉందని లెక్క. ఇలా చిక్కిన కోడికి అల్బెండజోల్ ద్రవం పనికొస్తుంది. 2.5 శాతం మందైతే కిలోన్నర పెట్టకు 1 మిల్లీలీటరు, ఒక్కసారే, మేతలో కలిపి. మరీ నీరసంగా ఉంటే ముందు రెండు రోజులు కోలుకోనిచ్చి ఆ తర్వాత వేయండి. మందు వేశాక రెండు వారాలు దాని గుడ్లు తినకపోవడం మేలు.

మెడ మొదట్లో ఉండే మేత సంచిని రాత్రి ఒకసారి, పొద్దున మేత పెట్టకముందు ఒకసారి పట్టి చూడండి. రాత్రి నిండుగా, పొద్దునకి ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా ముద్దలా ఉంటే పొడుగు గడ్డో, గోనెసంచి పురికొసో, పాలిథిన్ ముక్కో అడ్డం పడింది. మేత ఆపి, 3 మిల్లీలీటర్ల కొబ్బరినూనె చుక్కలుగా పట్టించి, సంచిని వేళ్లతో ఐదు నిమిషాలు మెల్లగా పిసకండి. రోజుకు నాలుగుసార్లు చేయాలి. కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించడం పల్లెల్లో బాగా వాడుకలో ఉంది కానీ కక్కిన నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతాయి. మానుకోండి. రోజు గడిచినా మెత్తబడకపోతే డాక్టరు కోసి తీయాల్సిందే.

రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలున్నాయేమో చూడండి. పేలుంటే పొయ్యి బూడిద, ఇసుక సమానంగా కలిపి పాత టైరులో పోసి పెడితే కోడి తనంతట తానే పొర్లి దులుపుకుంటుంది. గూటి కర్రల సందుల్లో వేపనూనె రాయాలి. పగలంతా అక్కడ దాక్కుని రాత్రి ఎక్కి రక్తం తాగే గోమార్లూ ఉంటాయి. కాళ్ల మీది పొలుసులు లేచి సున్నం పట్టినట్టు ఉంటే అదీ పురుగే. కిరసనాయిలు పూయకండి, చర్మం కాలుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తుడిచి, కొబ్బరినూనెలో కాస్త వేపనూనె కలిపి వారానికి రెండుసార్లు, నెల రోజులు రాస్తే సరిపోతుంది.

రెట్ట చెప్పే కబురు

మామూలు రెట్ట గోధుమరంగులో గట్టిగా, కొసన తెల్లగా ఉంటుంది. మధ్యమధ్య ఒకసారి చిక్కటి కాఫీ రంగులో, జిగటగా, కంపుగా వేస్తుంది. అదీ మామూలే, విరేచనం అనుకుని మందు వేయొద్దు.

పచ్చరెట్ట చూడగానే అందరూ కొక్కెర తెగులు అనేస్తారు. రెండు రోజులు తిండి తినని ఏ కోడైనా పచ్చగానే వేస్తుంది. కడుపులో మేత లేక పైత్యరసం ఒక్కటే దిగుతుంది కాబట్టి. పచ్చరెట్టతోపాటు నోరు తెరిచి గురక పెట్టడం, మెడ వెనక్కో పక్కకో మెలిపడటం, కాళ్లు లాగేయడం, ఒకటి పోయాక రెండు మూడు రోజుల్లో పక్కవీ పడిపోవడం, ఇవన్నీ కలిస్తే అది కొక్కెర తెగులే. దీన్నే రాణిఖేత్ అంటారు, హిమాలయాల్లోని ఊరి పేరు. వైరస్ కాబట్టి దీన్ని తగ్గించే మందు లేదు. వెల్లుల్లి, మిరియాలు, పసుపు ముద్ద చేసి మింగించినా, టెట్రాసైక్లిన్ మాత్ర పొడి చేసి వేసినా వైరస్ చావదు. బతికిన కొన్నిటికి మెడ వంకర వారాలపాటు ఉండిపోతుంది. గింజ మీద గురి కుదరదు, చేత్తో తినిపిస్తే కొన్ని తేరుకుంటాయి.

రెట్టలో రక్తం పడుతూ, మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు ముడుచుకుంటుంటే అది రక్తపారుడు. తడిసిన నేల మీద, ముసురు పట్టిన రోజుల్లో ఎక్కువ. దీనికి మాత్రం మందు బాగా పనిచేస్తుంది. ఆంప్రోలియం 20 శాతం పొడి 6 గ్రాములు తూచి 5 లీటర్ల నీళ్లలో కలపండి, అంటే లీటరుకు 1.2 గ్రాములు. 5 రోజులు ఇదే తాగాలి, వేరే నీళ్లు అందుబాటులో ఉండకూడదు. ఆ తర్వాత వారం పాటు లీటరుకు 0.3 గ్రాములు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. ప్యాకెట్ మీద శాతం చదవండి, 20 కాకపోతే లెక్క మారుతుంది. ఈ మందు సాగినన్నాళ్లూ బి-కాంప్లెక్సు ఇవ్వకండి. రక్తపారుడు తెచ్చే, కంటికి కనపడని పురుగుకు బి1 విటమిన్ అందకుండా చేయడమే ఆంప్రోలియం పని. మనమే ఆ విటమిన్ పోస్తే మందు ఓడిపోతుంది. షాపులో రెండూ కలిపి అంటగడుతుంటారు, జాగ్రత్త.

గుడ్డు అడ్డం పడితే

తోక దించి, నిక్కి నిక్కి ముక్కుతూ, పొదుగు గూటికి పోయి ఖాళీగా తిరిగొస్తుంటే పొట్ట కింద తడమండి. గుడ్డు తగిలితే వెడల్పు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు, మోచేయి పెడితే హాయిగా ఉన్నంత వేడితో పోసి, పొట్ట మునిగేలా 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తడి తుడిచి, ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, కాల్షియం సిరప్ అర చిన్న చెంచా చుక్కలుగా పట్టించి, వెచ్చటి చీకటి పెట్టెలో వదలండి. గంటకోసారి పట్టి పట్టి చూడకండి, బెదిరితే బిగబట్టుకుంటుంది. రెండు మూడుసార్లు నానబెట్టినా మర్నాటికి పడకపోతే డాక్టరే దిక్కు. లోపల గుడ్డు పగలగొట్టొద్దు, పెంకు అంచులు లోపల కోసేస్తాయి.

దెబ్బలు, విరిగిన కాళ్లు

వీధిలో సైకిల్ చక్రం కింద పడ్డవి, కుక్క నోట్లోంచి వదిలించినవి తరచూ వస్తుంటాయి. ముందు రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోండి. లీటరు కాచిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో దాదాపు రెండు, కలిపి చల్లార్చి గాయం కడగండి. పోవిడోన్ అయోడిన్ పలచటి టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి రాయండి. కుక్క పళ్ల గాట్లు పైకి చిన్నగానే ఉంటాయి, లోపల చీము పడుతుంది కాబట్టి డాక్టరుకు చూపించాలి. ఈగలు వాలకుండా దోమతెర కప్పండి. ఎర్రటి మాంసం కనిపించినంత కాలం మందలో వదలొద్దు, పొడిచి పొడిచి చంపేస్తాయి.

పొలుసులున్న కాలి భాగం విరిగి, చర్మం చీలకపోతే ఇంట్లోనే కట్టొచ్చు. కాలిని తిన్నగా లాగి పట్టుకుని, దూది పొర చుట్టి, నున్నగా చెక్కిన వెదురు పుల్లలు రెండు చెరో పక్క పెట్టి, బ్యాండేజీ చుట్టి, పైన టేపు వేయండి. గంట తర్వాత వేళ్లు పట్టి చూడండి. చల్లగా, నీలంగా ఉంటే కట్టు బిగుసుకుంది, వెంటనే విప్పి మళ్లీ కట్టాలి. మూడు వారాల్లో అతుకుతుంది. తొడ ఎముక విరిగితే పుల్లల కట్టు నిలవదు. రెక్క విరిగితే మామూలుగా మడిచి ఒంటికి కట్టండి, కానీ రొమ్ము మీద బిగించకండి. కోడికి మనలా ఊపిరి తీసే పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. బిగుతుగా కడితే కట్టులోనే ప్రాణం పోతుంది.

నొప్పి తగ్గాలని మన మాత్రలు వేయొద్దు, ముఖ్యంగా డైక్లోఫెనాక్. రాబందుల కిడ్నీలు పాడుచేసి చంపిందని 2006లో దేశంలో పశువులకు వాడకుండా నిషేధించిన మందు అది.

తురాయి మీద, కళ్ల చుట్టూ బొబ్బలు లేచి నల్లటి పక్కులు కడితే మశూచి. దోమలు అంటిస్తాయి. పక్కులు గిల్లకండి, రక్తం కారడమే కాక రాలిన పక్కులోనూ వైరస్ ఉంటుంది. పసుపు, వేపనూనె కలిపి పూస్తూ, కళ్లు మూసుకుపోతే తినిపిస్తూ ఉంటే మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. నోట్లో కూడా తెల్లటి పొర కడితే మాత్రం ప్రమాదం.

ఇంటి వైద్యం ఆపేయాల్సిన చోటు

ఒకేరోజు నాలుగైదు చచ్చినా, తలలు వాచి తురాయిలు నీలంగా మారినా ముట్టుకోకండి, కోయకండి, సంతకు తోలకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరిచిపోకూడదు. పశువైద్యశాలకు గానీ పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ ఫోన్ చేయండి. ఒకటీ అరా చనిపోతే మూడడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాలి. కాలవలో పారేస్తే ఊరంతటికీ తెగులు పంచినట్టే.

మిగిలిన వాటికి, జబ్బు సద్దుమణిగాక, టీకాలు. కొక్కెర తెగులు రాకుండా పిల్లకు 5 నుంచి 7 రోజులప్పుడు కంట్లో ఒక చుక్క లసోటా టీకా, 4 వారాలకు మళ్లీ. 8 వారాలకు అదే తెగులుకు ఆర్2బి టీకా సూది, 0.5 మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కిందికి. ఆర్2బి ఘాటైన టీకా, లేత పిల్లలకు వేస్తే టీకాతోనే కాళ్లు పడిపోతాయి. జబ్బుగా ఉన్నదానికీ వేయకూడదు. సీసా ఒకటి తెరిస్తే 100 కోళ్లకు సరిపోతుంది, కలిపాక రెండు గంటలకు మించి పనికిరాదు. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే కొంటే తొంభై డోసులు నేలపాలు. వీధిలో నాలుగిళ్లు మాట్లాడుకుని, సీసాను ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చి, కోళ్లు గూట్లో చేరాక సాయంత్రం వేయించుకోండి. సంతలో కొన్న కోడిని, సంక్రాంతికి ఊరు తిరిగొచ్చిన పుంజును నేరుగా మందలో కలపకుండా మూడు వారాలు విడిగా కట్టేయండి. దాని నీళ్ల గిన్నె కూడా వేరుగానే ఉండాలి.