వార్డు ఇన్‌ఛార్జి పాఠాలు – 4: సూపరింటెండెంట్ గదిలో నాలుగు మాటలు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ వార్డు గురించి మీకు చెప్పకుండా జరిగే నిర్ణయాలన్నీ వారం పాటు రాయమన్నాను. చాలామందికి అది పేజీ దాటి ఉంటుంది. డ్యూటీ చార్ట్ వేసేది మీరే, కానీ మీ నర్సును వేరే వార్డుకు పంపిన సంగతి మీకు చివర్లో తెలుస్తుంది. ఇండెంట్ (వార్డుకు కావాల్సిన సామాన్ల చీటీ) పెట్టేది మీరే, ఎంత కోత పడిందో స్టోర్స్‌కి వెళ్తే గానీ తెలియదు.

“నాకే ధైర్యం చాలదు” అని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఆ కాగితం చదవండి. ఉద్యోగంలో చొరవ మనిషి స్వభావం కంటే, ఆ కుర్చీకి అందే సమాచారం, వనరులు, అండ, ఎదిగే అవకాశాల మీదే ఎక్కువ ఆధారపడుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రోసబెత్ మాస్ కాంటర్ 1977లోనే చెప్పారు. కెనడాలో హెదర్ లాషింగర్ అదే ఆలోచనతో నర్సుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అంటే లోపమంతా మీలోనే లేదు. అయితే ఆ నాలుగూ ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు, అడగాలి. ఈ పాఠం అడగడం గురించే.

నేను గుంటూరు నుంచి రోజూ బస్సులో విజయవాడ వెళ్లి హెడ్ నర్సుగా పనిచేసేదాన్ని. కొత్తలో ఒకసారి, రాత్రికి ఇంకో నర్సు కావాలని సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాను. “సార్, స్టాఫ్ చాలా తక్కువ సార్, మా నర్సు పిల్లలు అలిసిపోతున్నారు” అన్నాను. ఆయన ఫైల్లోంచి తల ఎత్తకుండానే “ఎక్కడ సరిపడా ఉన్నారమ్మా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వార్డుకు రాగానే నైట్ డ్యూటీ అమ్మాయి “ఏమన్నారక్కా?” అని అడిగింది. “చూద్దామన్నారు” అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నన్ను చాలాకాలం పీడించింది.

ఆయన వినలేదు, నిజమే. కానీ ఆయన నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే మాట నేను ఒక్కటీ చెప్పలేదు.

డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు వాడే ఎస్‌బార్ మీకు తెలిసిందే: పరిస్థితి, నేపథ్యం, అంచనా, అభ్యర్థన. అమెరికా నేవీ జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి ఇది. రోగి కోసం రోజూ చేసేదే వార్డు కోసం చేయండి. ఉదాహరణకు ఇలా:

“సార్, మా వార్డులో పోయిన ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు 36 మంది రోగులున్నారు, నర్సులు ఇద్దరే. ఇద్దరు చాలనుకున్నది 24 మంచాలున్నప్పుడు. ఇప్పుడు ఉదయం ఆరింటి ఇంజెక్షన్లు చివరి మంచానికి చేరేసరికి ఏడున్నర అవుతోంది. ఒక్క నెల నైట్‌కి మూడో నర్సును ఇవ్వండి, నెలాఖరుకు ఇవే లెక్కలు మళ్లీ మీ ముందు పెడతాను.”

ఇందులో ‘చాలా’ అన్న మాట లేదు, ‘పాపం’ లేదు. మూడో వాక్యం రోగికి ఏమవుతోందో చెబుతోంది. దాన్ని మాత్రం ఎప్పుడూ వదలకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. ఆ కాగితం ఫైల్లో పెట్టుకోండి, కానీ దానితో మొదలుపెట్టొద్దు. కొరతను ఒప్పుకోమని కాదు నా ఉద్దేశం. ఒక్కరు వచ్చాక రెండో కోరికకు ఆ కాగితం బయటికి తీయొచ్చు.

ఇక టెన్షన్ సంగతి. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం, తాను స్వయంగా ఒకసారి చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా చెప్పారు. అందుకే మొదటి కోరిక చిన్నదిగా ఉండాలి. రెండోసారి వెళ్లే రోజు బస్సు మంగళగిరి దాటినప్పటి నుంచి వారధి వచ్చేదాకా ఆ నాలుగు వాక్యాలే పెదవుల మీద తిప్పుకున్నాను. గదిలోకి వెళ్లి “రెండు నిమిషాలు కూర్చుని చెప్పొచ్చా సార్?” అని అడిగాను. మనవాళ్లు నిలబడే మాట్లాడతారు, నిలబడితే మాట తొందరపడుతుంది. కూర్చుంటే కాగితం టేబుల్ మీద పెట్టొచ్చు.

‘కుదరదు’ అంటే వాదించొద్దు. “ఎప్పటికి వీలవుతుంది సార్?” అని అడగండి. ఆ సాయంత్రమే అదే విషయం ఒక పేజీ రాసి ఆఫీసులో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసువాళ్లు వేసే నంబరు) వేయించుకోండి. నోటిమాట మరిచిపోతారు, నంబరున్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాలి. నాకు మూడో నర్సు వచ్చింది ఆ కాగితం పెట్టిన పదిహేను రోజులకు.

ఈ వారం పని: నైట్ రిపోర్ట్ బుక్ తీసి ఏడు రాత్రుల రోగుల సంఖ్య, నర్సుల సంఖ్య, ఆలస్యమైన ఒక పని రాయండి. మీ నాలుగు వాక్యాలు తయారుచేసి, మీతో పనిచేసే ఒకరికి పైకి చదివి వినిపించండి. ఆఫీసు గదికి ఇంకా వెళ్లొద్దు. ఎదురు ప్రశ్నలకు జవాబులు ఐదో పాఠంలో సాధన చేద్దాం.