బీరును పాడుచేసే బ్యాక్టీరియా – 4వ పాఠం: చేదుకు అలవాటు పడ్డవి

బీరులో బ్యాక్టీరియా బతకడం ఎందుకు కష్టమో పోయిన పాఠంలో చూశాం. ఆల్కహాల్ ఉంటుంది, పీహెచ్ 4 దగ్గర్లో, అంటే పుల్లగా ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు, ఈస్ట్ తినగా మిగిలే తిండి కాస్తే. ఇక మిగిలింది హాప్స్ చేదు, అంటే బీరులో చేదు కోసం వేసే హాప్ మొక్క పూల చేదు. ఈ పాఠమంతా దాని గురించే.

హాప్స్‌ను మరిగిస్తే వచ్చే ఐసో-ఆల్ఫా ఆమ్లాలు కణపొర దాటి లోపలికి దూరతాయి. అక్కడ ప్రోటాన్‌ను వదిలేసి, మాంగనీస్‌ను పట్టుకుని బయటికొస్తాయి. కణం తిండిని లోపలికి లాక్కునేది పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడాతోనే. అది పోతే చుట్టూ తిండి ఉన్నా కణం పస్తే. పీహెచ్ తగ్గేకొద్దీ ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

లాక్టోబాసిల్లస్ బ్రెవిస్, పీడియోకాకస్ డామ్నోసస్ రకాల్లో కొన్ని దీన్ని తట్టుకుంటాయి. వాటిలో చాలావాటికి హోర్‌ఏ అనే జన్యువు ఉంటుంది. దాని వల్ల తయారయ్యే పంపు, లోపలికొచ్చిన చేదును వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. ఈ జన్యువు ప్లాస్మిడ్ మీద, అంటే క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది కాబట్టి, చేదు లేని మీడియాలో (ల్యాబ్‌లో కణాలకు పెట్టే తిండిలో) పదే పదే పెంచితే జారిపోవచ్చు. బీరుకే అలవాటు పడ్డ కణాలు, పోషకాలు దండిగా ఉన్న ల్యాబ్ ప్లేటు మీద వెంటనే పెరగకపోవచ్చు కూడా. అందుకే ఖాళీ ప్లేటు చూసి బీరు బాగుందని రాసేయకండి. బీరులో బతికేదాన్ని బీరులోనే వెతకాలి.

ఇప్పుడు అభ్యాసం. పాశ్చరైజ్ చేయని ఒకే బ్యాచ్ సీసాలు రెండు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి 28 డిగ్రీల దగ్గర, నాలుగు వారాలు. బయట ఉన్నదాన్ని మూత ఉన్న గట్టి డబ్బాలో పెట్టండి. లోపల గ్యాస్ పెరిగితే సీసా పగలొచ్చు. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, చూసేటప్పుడు కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్ ఉండాలి.

వారానికోసారి రెండింటినీ గది వేడికి రానిచ్చాకే పోల్చండి. చల్లదనానికి ప్రొటీన్ వల్ల వచ్చే మసక అప్పుడు విడిపోతుంది, బ్యాక్టీరియా మసక విడిపోదు. సీసాను దీపానికి ఎదురుగా పట్టి మెల్లగా తిప్పండి. కడ్డీ ఆకారపు కణాలు బాగా పెరిగి ఉంటే ద్రవంలో పట్టుబట్ట కదిలినట్టు మెరిసే అలలు లేస్తాయి. ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

చివరి వారం తెరిచి వాసన చూడండి. వెన్న వాసన వస్తే డయాసిటైల్, లీటరుకు 0.1 మిల్లీగ్రాము దగ్గరే ముక్కు పట్టేస్తుంది. అది పీడియోకాకస్ పని కావచ్చు, ఈస్ట్ మిగిల్చింది కూడా కావచ్చు. ఫ్రిజ్ సీసాలోనూ అంతే వాసన ఉంటే అనుమానం ఈస్ట్ మీదికి పోతుంది. కనిపించిందీ, వాసనా తేదీతో సహా రాసుకోండి. 5వ పాఠంలో అదే సీసా అడుగున పేరుకున్నదాన్ని మైక్రోస్కోప్ కింద పెడతాం.